అంగళ్లు రెండు, యజమాని యొక్కడు

మన జిల్లా పట్టణములలో నొకదానియందు, ఒకే కంపెనీ కార్లను అమ్ము షోరూములు రెండు కలవనుకొందము. కారు కొనదలచిన గృహస్థుడు మొదటి షోరూమునకు పోయి ధర యడుగును. తన పాత కారునకు ఎంత వెల కట్టెదరని యడుగును. ఇన్సూరెన్సు తామే చేయింతురా, బయట చేయించుకొనవచ్చునా యని యడుగును. వారు చెప్పిన లెక్క రుచింపనిచో, “రెండవ చోట కూడ విచారించి వచ్చెదము” అని కుర్చీనుండి లేచును. ఆ లేచుటలో నొక బలము కలదు. అతడు గుమ్మము దాటక మునుపే మేనేజరు వెనుకకు పిలుచును. ఇంతకుముందు సాధ్యము కాదన్న తగ్గింపు సాధ్యమగును. వెల లేదన్న పాత కారునకు వెల వచ్చును.

ఒకనాడు మొదటి షోరూము యజమాని రెండవదానిని గూడ కొనెననుకొందము. బోర్డులు మారవు. అద్దముల వెనుక కార్లు మారవు. అమ్మువారి చిరునవ్వు మారదు. గృహస్థుడు మునుపటివలెనే లేచి రెండవ చోటికి పోవును. కాని యతడు పోయినది మొదటి యజమాని యొద్దకే. అతని చేతిలోని బలము పోయినది; పోయినదని యతనికి తెలియనైన తెలియదు. దొంగ పడిన యింట పోయిన సొమ్మునకు లెక్క యుండును. ఇచట పోయినదానికి లెక్క యుండదు. రావలసిన తగ్గింపు రాకపోవుటయే నష్టము. రానిదానిని ఎవరు లెక్కింపగలరు?

ఈ కంటికి కనబడని నష్టమును ముందుగానే కనిపెట్టి యడ్డుకొనుటకే విలీనములను పరిశీలించు చట్టము లేర్పడినవి. అట్టి చట్టము మన దేశమునను కలదు. ఐనను అది యెచట నిలబడి చూచుచున్నది, దానికి జిల్లా పట్టణము కనబడుచున్నదా యనునదే నేడు మేము పాఠకుల యెదుట పెట్టదలచిన ప్రశ్న. అందులకు పూర్వము, ఇట్టి వ్యవహారమే యొక పరదేశమున నెట్లు పరిష్కరింపబడెనో తెలిసికొనుట మేలు.

ఆస్ట్రేలియా దేశమున బ్రిస్బేన్ నగరమునందు 1913లో ప్రారంభమైన ఏ.పీ. ఈగర్స్ అను సంస్థయు, పెర్త్ నగరము కేంద్రముగా గల ఆటోమోటివ్ హోల్డింగ్స్ గ్రూప్ అను సంస్థయు కార్ల డీలరు వ్యాపారమున అగ్రశ్రేణిలోనివి. ఇవి కార్లను తయారుచేయునవి కావు. వివిధ కంపెనీల కార్లను అనేక పట్టణములలో అమ్ముచు, వానికి సర్వీసు చేయుచు వచ్చినవి. మొదటి సంస్థ రెండవదాని వాటాలలో నాలుగవ వంతునకు మించి యప్పటికే తన చేత నుంచుకొని యుండెను. 2019 ఏప్రిల్ నెలలో మిగిలిన వాటాలను గూడ కొని రెంటిని ఒకటి చేయుటకు పూనుకొనెను. విషయము ఆ దేశపు పోటీ వినియోగదారుల కమిషను ముందునకు వచ్చెను.

దేశమంతటి పటమును బల్లమీద పరచి చూచినచో నిందు భయపడవలసినది యంతగా కనబడదు. ఆస్ట్రేలియాలో కార్ల డీలర్లు అనేకులు. ఈ రెండు సంస్థలు కలిసినను దేశములోని మొత్తము అమ్మకములలో వారి భాగము గుత్తాధిపత్యమునకు చాల దూరము. ఆ లెక్కనే ప్రమాణముగా గైకొనినచో కమిషను వారు ఒక్క సంతకముతో పని ముగించి యుండెడివారు. కాని వారట్లు చేయలేదు. పటమును మడిచి, ఒక్కొక్క ప్రాంతమును విడివిడిగా చూచిరి. సిడ్నీ, మెల్బోర్న్, బ్రిస్బేన్ వంటి మహానగరములలో నీ రెండు సంస్థలును గాక యితర డీలర్లు పలువురు కలరు. అచటి వ్యాపారమును అమ్మివేయుమని కమిషను కోరలేదు. సిడ్నీకి ఉత్తరముగ సుమారు 160 కిలోమీటర్ల దూరమున, బొగ్గు గనులకు ప్రసిద్ధి చెందిన హంటర్ లోయ ప్రాంతమున, న్యూకాసిల్ అను పట్టణము కలదు. అచట వారి చూపు నిలిచెను. ఆ ప్రాంతమున రెండు సంస్థలకును డీలర్‌షిప్పులు మెండుగా నున్నవి. రెండును ఒక్కటైనచో అచటి కొనుగోలుదారునకు లేచి పోవుటకు మిగులు చోటులు మిక్కిలి తగ్గిపోవును.

అందుచే 2019 జూలై నెలలో కమిషను అనుమతి నిచ్చెను గాని, షరతు పెట్టి యిచ్చెను. న్యూకాసిల్, హంటర్ లోయ ప్రాంతమున ఏ.పీ. ఈగర్స్ సంస్థకు గల వ్యాపారమును, అనగా క్లోస్టర్ అను పేర నడచు డీలర్‌షిప్పులను, అన్యులకు అమ్మివేయవలయును. ఇదియే ఆ షరతు. సంస్థ అందులకు సమ్మతించెను. దేశమంతటను విలీనము జరిగెను. ఆ యొక్క ప్రాంతమున మాత్రము పోటీ నిలిచెను.

ఈ తీర్పునందు మేము గమనించిన విశేషములు రెండు కలవు.

మొదటిది, సంత యెచట నున్నదను వివేకము. కారు రైలు మార్గమున దేశమంతట తిరుగు సరుకే కావచ్చును. కాని దానిని కొనువాడు తిరుగడు. న్యూకాసిల్ నుండి సిడ్నీకి గల దూరము మన విజయవాడ నుండి రాజమహేంద్రవరమునకు గల దూరము వంటిది. కారు కొనుట జీవితమున నొకటి రెండు మారులు జరుగు పని గనుక, యిరువది వేలో ముప్పది వేలో కలిసి వచ్చునని తోచినచో ఒకనాడు అంత దూరము పోవువారుండవచ్చును. కాని సర్వీసునకు? బ్రేకు పట్టనప్పుడు? వారంటీలో నున్న బండికి ఒక చిన్న భాగము విరిగినప్పుడు? పనివాడు ఒక దినపు కూలి విడిచి, డాక్టరు రోగులను విడిచి, రైతు చేను విడిచి నూటయరువది కిలోమీటర్లు పోయి రాడు. కావున ధర దేశమునదైనను సంత ఊరిది. వ్యాపారము దేశవ్యాప్తమైనను పోటీ వీధిలో జరుగును. ఈ చిన్న సత్యము తెలియని న్యాయాధికారి యెన్ని లెక్కలు కట్టినను ఫలము లేదు.

రెండవది, చికిత్స యెట్టిది యనుట. “ధరలు పెంచము, సర్వీసు తగ్గింపము” అని విలీనమైన సంస్థ చేత ప్రమాణపత్రము వ్రాయించుకొని కమిషను తృప్తి పడలేదు. అట్టి ప్రమాణమును ప్రతి దినము, ప్రతి షోరూమున, ప్రతి బేరమునందు కనిపెట్టి యుండుట ఎవరి తరము? పిల్లికి పాలు కాపలా యప్పగించి, త్రాగనని ఒట్టు పెట్టించుకొన్నట్లుండును. కమిషను వారు అంగడిని వేరొకరికి ఇప్పించిరి. స్వతంత్రుడైన రెండవ యజమాని యెదురుగా నున్నంత కాలము, మొదటివానిని కనిపెట్టుటకు సర్కారు గుమాస్తా అక్కరలేదు; వాని స్వార్థమే కాపలా కాయును.

ఇంతవరకు చదివి, ఇందులకు ప్రతికూలముగ చెప్పదగిన మాటలు లేవా యని పాఠకులు అడుగవచ్చును. కలవు. వానిని దాచుట మా పద్ధతి కాదు.

కార్ల డీలరును చూచి పెద్ద ధనవంతుడని లోక మనుకొనును. నిజమునకతడు కంపెనీ చేతిలో నున్నవాడు. షోరూము ఎంత వెడల్పుండవలెను, నేలకు ఏ రాయి పరువవలెను, నెలకు ఎన్ని బండ్లు దింపుకొనవలెను, ఇవన్నియు కంపెనీయే నిర్ణయించును. బండ్లు అమ్ముడుపోకున్నను వాని మీది బ్యాంకు వడ్డీ డీలరే కట్టవలెను. కంపెనీ ఒకనాడు మూటముల్లె సర్దుకొనిన, అతని గతి యేమి? 2017లో జనరల్ మోటార్స్ వారు మన దేశమున అమ్మకములు నిలిపివేయుదుమని ప్రకటించిరి. 2021లో ఫోర్డు కంపెనీ వారు ఇచట కార్ల తయారీ విరమింతుమని ప్రకటించిరి. కోట్లు వెచ్చించి షోరూములు కట్టిన డీలర్లు ఆ దినమున వీధిన పడినట్లయిరి. ఆస్ట్రేలియాలోను 2020లో హోల్డెన్ అను పురాతనమైన పేరును జనరల్ మోటార్స్ వారే అంతము చేసిరి. కావున డీలర్లు కొందరు కలిసి పెద్దవారైనచో కంపెనీని ఎదుర్కొను సత్తువ కలుగును, ఒక కంపెనీ పోయినను మరియొక కంపెనీ బండ్లతో నిలువగలరు అను వాదము త్రోసివేయదగినది కాదు. చిన్న చిన్న వర్క్‌షాపులు కొనలేని పరికరములను పెద్ద సంస్థ కొనగలదు. విద్యుత్తు కార్లు వచ్చుచున్న యీ కాలమున అట్టి ఖర్చు పెరుగుచునే యున్నది.

ఇవన్నియు సత్యములే. మేమును విలీనమే తప్పని చెప్పుటలేదు. ఆస్ట్రేలియా కమిషను వారును చెప్పలేదు. విలీనమునకు అనుమతి నిచ్చిరి గదా! కాని డీలరును కంపెనీ పీడించుచున్నచో, ఆ పీడనకు మందు డీలరునకును కంపెనీకిని నడుమ పెట్టవలెను గాని, కొనుగోలుదారుని మెడ మీద పెట్టరాదు. ఆస్ట్రేలియా ప్రభుత్వము 2020 జూన్ నుండి తన ఫ్రాంచైజీ నియమావళిలో కార్ల డీలర్ల రక్షణకై ప్రత్యేక నిబంధనలు చేర్చినది. అది సరియైన మార్గము. పై వాడు తనను త్రొక్కుచున్నాడని క్రింది వానిని త్రొక్కుటకు లైసెన్సు నడుగుట న్యాయము కాదు.

ఇంకొక వాదము కలదు. ఒకే కంపెనీ బండ్లను అమ్మువారు ఒక్కటైన నేమి? వేరు వేరు కంపెనీల నడుమ పోటీ యుండనే యున్నది గదా? ఒక కంపెనీ కారు ప్రియమైనచో జనులు మరియొక కంపెనీ కారు కొందురు అని. ఈ మాటయందును కొంత నిజము కలదు. కాని నేటి పెద్ద డీలరు ఒక్క కంపెనీతో ఆగుటలేదు. వరుసగా నాలుగు కంపెనీల బోర్డులు ఒకే వీధిలో నుండును. నాలుగింటి లాభము ఒకే పెట్టెలో పడును. మరియు కారు కొనిన తరువాత కంపెనీల పోటీ యెచట? కొనువరకే అతడు స్వతంత్రుడు. కొనిన పిమ్మట ఆ కంపెనీ విడిభాగములకును, ఆ కంపెనీ సర్వీసునకును కట్టుబడినవాడు. అప్పుడతనికి గల రక్షణ ఒక్కటే: అదే కంపెనీ పని చేయు రెండవ వర్క్‌షాపు తన యూరిలో నుండుట.

ఇక మన దేశము సంగతి.

1969లో గుత్తాధిపత్య నిరోధమునకై మనము ఒక చట్టము చేసికొంటిమి. విలీనములకు ముందుగా అనుమతి పొందవలెనను దానిలోని భాగమును 1991లో తీసివేసిరి. 2002లో క్రొత్త పోటీ చట్టము వచ్చెను. కాని విలీనముల పరిశీలనకు సంబంధించిన భాగము 2011 జూన్ 1 నుండి గాని అమలులోనికి రాలేదు. నడుమ నిరువది యేండ్లు ఆ కాపలా లేకయే గడచినవి.

ఆ చట్టము చెడ్డది కాదు. సంతకు ఎల్లలు ఎట్లు నిర్ణయింపవలెనో చెప్పు 19వ సెక్షనునందు, రవాణా ఖర్చులను, కొనుగోలుదారుల అభిరుచిని, అమ్మకము తరువాతి సర్వీసు త్వరితముగ లభింపవలసిన అవసరమును గమనింపవలెనని స్పష్టముగ వ్రాయబడియున్నది. కార్ల డీలర్లను మనసున నుంచుకొని వ్రాసినట్లే యున్నవి ఆ మాటలు! న్యూకాసిల్‌లో అక్కడి కమిషను చూచిన చూపును మన కమిషను గూడ నిజామాబాదులోనో, నంద్యాలలోనో చూచుటకు చట్టమున అడ్డు లేదు.

అడ్డు మరియొక చోట నున్నది. అది ద్వారమునందున్నది. కొనబడు సంస్థకు మన దేశమున గల ఆస్తుల విలువ 450 కోట్ల రూపాయలకు మించనిచో, లేదా దాని వార్షిక టర్నోవరు 1,250 కోట్లకు మించనిచో, ఆ వ్యవహారమును కమిషనుకు తెలుపనక్కరలేదని 2024 నాటి నిబంధన. ఇందులోని ‘లేదా’ అను చిన్న మాటను పాఠకులు శ్రద్ధగా చూడవలెను. రెండు హద్దులలో నే యొక్కదానికి లోబడియున్నను చాలును. కార్ల డీలరు వ్యాపారము ఎట్టిది? సరుకు ఖరీదు గలది, గనుక టర్నోవరు పెద్దది. కాని బండ్లు వచ్చిన కొద్ది వారములలో అమ్ముడుపోవును, స్థలములు తరచుగా అద్దెవి, గనుక ఆస్తులు ఆ స్థాయిలో నుండవు. పలు జిల్లాలలో బండ్లు అమ్ము సంస్థ గూడ ఆస్తుల లెక్కలో ఆ హద్దుకు లోబడుట కష్టము కాదు. 2023లో చట్టమును సవరించి, 2024 సెప్టెంబరు నుండి 2,000 కోట్లకు మించిన కొనుగోళ్లకు వేరొక హద్దు పెట్టిరి. అది డిజిటల్ రంగపు మహాసంస్థలకు తగులునేమో కాని, జిల్లా షోరూముల కొనుగోలునకు తగులదు. హద్దులకు లోబడిన వ్యవహారమును కమిషను తనంత తాను విచారణకు తీసికొనుటకును వీలు లేదు. చట్టము జిల్లాను చూడగలదు. చూడనీయకుండ దానికి గంతలు కట్టితిమి. గ్రుడ్డి కన్ను మూసిన నేమి, తెరచిన నేమి?

కార్ల వర్తకము నందు మన కమిషనుకు శ్రద్ధ లేదని మేము చెప్పజాలము. విడిభాగములు బయటి మెకానిక్కులకు దొరకనీయకున్నారని 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు సుమారు 2,544 కోట్ల జరిమానా విధించినది. డీలర్లు తమ యిష్టము వచ్చినంత తగ్గింపు ఇయ్యకుండ కట్టుదిట్టము చేసినదని 2017లో హ్యుందాయ్ కంపెనీకి 87 కోట్లు, 2021లో మారుతి సుజుకి కంపెనీకి 200 కోట్లు జరిమానా వేసినది. హ్యుందాయ్ మీది ఉత్తరువును 2018లో అప్పిలేట్ ట్రిబ్యునలు కొట్టివేసినది. తక్కినవియు అప్పీళ్లలోనికి పోయినవి. వాని న్యాయాన్యాయముల జోలికి ఇచట మేము పోము. కమిషను అంగీకరించిన సూత్రము మాత్రమే చూపుచున్నాము. డీలరునకును డీలరునకును నడుమ జరుగు తగ్గింపు పోటీ కొనుగోలుదారుని హక్కు అనియే గదా ఆ సూత్రము? కంపెనీ ఉత్తరము వ్రాసి ఆ పోటీని ఆపినచో నేరమనుచు, ఒకే యజమాని రెండు షోరూములను కొని ఉత్తరము లేకయే ఆపినచో కన్నెత్తి చూడకుండుట ఏమి నీతి?

ఫలానా జిల్లాలో ఫలానా వర్తకుడు ఇట్లు చేసెనని మేము ఆరోపించుటలేదు. మన వర్తకులలో నిజాయితీపరులు అనేకులు కలరు. కాని వ్యాపారము పోవు దారి తెలియనిది కాదు. డీలరు సంస్థలు వాటాలు జనులకమ్మి స్టాకు ఎక్స్చేంజీలలో చేరుచున్నవి. చేరిన పిమ్మట పెరుగుట వానికి విధి. పెరుగుటకు సులభమైన మార్గము పొరుగువానిని కొనుట. నేడొక షోరూము, మరుసటి యేడు రెండు, ఆ మీద నాలుగు. ఏ యొక్క కొనుగోలును హద్దు దాటదు. చుక్క చుక్క చేరి కుండ నిండునప్పుడు, ఏ చుక్కను నేరస్థురాలిగా నిలువబెట్టుదుము?

కావున మేము కోరునవి మూడు.

ఒకటి: సర్వీసు మూలముగ కొనుగోలుదారుడు ఊరికి కట్టుబడియుండు వర్తకములలో, ఒకే జిల్లాయందు ఒకే కంపెనీ షోరూములును వర్క్‌షాపులును ఒకే చేతిలోనికి పోవునప్పుడు, ఆస్తుల హద్దుతో నిమిత్తము లేకుండ విచారించు అధికారము కమిషనుకు ఇయ్యవలెను. ప్రతి చిన్న అమ్మకమును తెలుపవలెనని మేము కోరము. అట్లు చేసినచో కాగితముల క్రింద కమిషనే నలిగిపోవును. పిలిచి యడుగు అధికారము చాలును.

రెండు: కొద్దికొద్దిగా కొను పద్ధతికి లెక్క కట్టవలెను. ఆస్ట్రేలియావారు 2024లో చేసికొన్న క్రొత్త చట్టము 2026 జనవరి 1 నుండి పూర్తిగా అమలులోనికి వచ్చినది. మునుపు ఐచ్ఛికముగ నున్న నివేదనమును, హద్దులు దాటిన వ్యవహారములకు తప్పనిసరి చేసినది. అంతియే కాక, ఒకే రకపు వ్యాపారమున గడచిన మూడేండ్లలో చేసిన కొనుగోళ్లను గలిపి లెక్కించు ఏర్పాటును చేసినది. కుండను చూచుటకు ఇదియే తగిన పద్ధతి.

మూడు: విచారణ జరుగునప్పుడు ఆ జిల్లా జనులకు వారి భాషలో తెలియజేయవలెను. ఢిల్లీలో ఇంగ్లీషున ప్రకటించిన సారాంశమును కరీంనగరపు టాక్సీ యజమాని చదివి అభ్యంతరము పంపునా? కారు కొనువారి మాట వినవలెను. ఆ వర్క్‌షాపులలో పని చేయు మెకానిక్కుల మాటయు వినవలెను. రెండు అంగళ్లు ఒకటైననాడు, ఈ జీతము చాలదని లేచి రెండవ చోటికి పోవు బలము వారికిని పోవును గదా!

కారు భాగ్యవంతుల సొత్తు, దాని బేరము గూర్చి ఇంత వగచుట యేలయని కొందరనవచ్చును. ఆ కాలము గడచినది. అద్దె కారు నడిపి సంసారము నీడ్చువాడును, అప్పు చేసి పాత కారు మార్చుకొను ఉపాధ్యాయుడును నేడు ఆ షోరూము మెట్లు ఎక్కుచున్నారు. మరియు ఇది కార్లతో ఆగు విషయము కాదు. నేడు కార్ల అంగడి, రేపు మందుల అంగడి, ఎల్లుండి ఊరి ఆసుపత్రి. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ప్రయోజనము లేదు. కలిసిపోయిన అంగళ్లను మరల విడదీయుట, కలియకుండ చూచుటకంటె పదింతలు కష్టము.

దేశము పెద్దది, లెక్కలు పెద్దవి, హద్దులు కోట్లలో నున్నవి. కాని కొనుగోలుదారుడు నిలుచు చోటు చిన్నది: ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక గుమ్మము. ఆ కుర్చీనుండి లేచి ఆ గుమ్మము దాటి మరియొక యజమాని యొద్దకు పోగలిగినంత కాలమే అతడు స్వతంత్రుడు. ఆ గుమ్మమును కాపాడలేని పోటీ చట్టము పుస్తకమున నుండియు లేనిదే యని మా యభిప్రాయము.